పట్టు ముడులలో పాత సముద్రము

1929వ సంవత్సరము అక్టోబరు నెలలో, ఇస్తాంబులు నగరమునందలి తోప్‌కాపి రాజభవనపు గ్రంథభాండారమును జర్మను పండితుడగు గుస్తావ్ దైస్మన్ పరిశీలించుచుండగా, ఎంతోకాలముగా ఎవరి కంటను పడక మూలబడియున్న ఒక చర్మపత్రము వెలికి వచ్చెను. దానిపై ఆఫ్రికా పశ్చిమతీరము, స్పెయిను దేశము, వానికెదురుగా ఐరోపావారు కనుగొని యప్పటికి ఇరువదియేండ్లైనను నిండని దక్షిణ అమెరికా తూర్పుతీరము, నడుమ ద్వీపములు, ద్వీపములపై చిలుకలు, నీటిపై ఓడలు, ఓడలకు దారిచూపు దిక్చక్రములు రంగురంగులుగా లిఖింపబడి యుండెను. వ్రాసినవాడు తన పేరును, హిజరీ సంవత్సరమును తుర్కీ భాషలో దానిపైననే వ్రాసియుంచెను. మన లెక్కకు అది క్రీస్తుశకము 1513. అతడు గలిపొలి రేవుపట్టణమున పుట్టి, పినతండ్రియైన కెమాల్ రయీసు ఓడలపై పెరిగి, ఉస్మానియా సుల్తానుల నౌకాదళములో పేరు గాంచిన పీరీ రయీసు.

ఈ పటము గీయుటకు సుమారు ఇరువది పూర్వపటములను దగ్గర నుంచుకొంటిననియు, అందొకటి కొలంబసు గీసినదనియు పీరీ రయీసు తానే పటముపై వ్రాసికొనెను. కొలంబసు పటము నేడు లేదు. దాని నీడ మాత్రము ఈ తుర్కీ పటమున మిగిలెను. ఒక నావికుని పటమును మరియొక నావికుడు చూచి గీయుట, అందు తన యనుభవమును చేర్చుట, కూడని దానిని విడుచుట ఆనాటి సముద్రవిద్యకు జీవము. ఆ మాట ఇక్కడ చెప్పుటకు కారణ మున్నది: పట్టుతివాచీపై ఆ పటమును నేడు మరల నేయువారు చేయుచున్నదియు ఇంచుమించుగా అదే పని.

1517లో ఈజిప్టును జయించిన సుల్తాను సలీమునకు పీరీ రయీసు తన పటమును స్వయముగా సమర్పించెను. అందు హిందూసముద్రము, చీనా సముద్రము కూడ చూపియుంటినని తరువాత వ్రాసిన గ్రంథములో చెప్పుకొనెను. కాని నేడు మనకు దక్కినది సుమారు 90 సెంటీమీటర్ల నిడివి, 63 సెంటీమీటర్ల వెడల్పు గల పడమటి ఖండము మాత్రమే. తూర్పు భాగము చినిగిపోయినదో, చింపబడినదో, ఎక్కడనున్నదో తెలియదు. మన బంగాళాఖాతపు తీరరేఖ ఆ పోయిన భాగముననే ఉండియుండవలెను. మిగిలిన ముక్కనే 2017లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చెను.

1521లో రచించి 1526లో పెంచి సుల్తాను సులేమానునకు అర్పించిన ‘కితాబి బహ్రియే’ అను గ్రంథములో పీరీ రయీసు మధ్యధరా సముద్రపు రేవులను ఒక్కొక్కటిగా వర్ణించి, ఎక్కడ మంచినీరు దొరకును, ఎక్కడ లంగరు నిలుచును, ఏ గాలికి ఏ మూలన తలదాచుకొనవలెను అను సంగతులు చెప్పి, ప్రతి రేవునకును పటము చేర్చెను. ఇంతటి విద్వాంసుడు వార్ధక్యమున హోర్ముజు ముట్టడిలో కృతకృత్యుడు కాలేక, ఓడలను బాస్రా రేవున విడిచి వచ్చెనన్న నేరముపై ఈజిప్టులో మరణదండన పొందెను. రాజసేవ అన్ని దేశములలోను ఒకటే. ఆ విడిచిన ఓడలను తెచ్చుటకై పంపబడిన సీదీ అలీ రయీసు 1554లో పోర్చుగీసువారితో పోరి, తుపానున చిక్కి, గుజరాతు తీరమునకు కొట్టుకొని వచ్చి, అహమ్మదాబాదులో కూర్చుండి ‘ముహీత్’ అను నౌకాశాస్త్ర గ్రంథము వ్రాసెను. హిందూసముద్రపు రేవులలో ఏ నక్షత్రము దిగంతమునకు ఎన్ని వ్రేళ్ల యెత్తున కనబడునో అందు లెక్కలున్నవి. అతడు ఢిల్లీలో ఉండగనే హుమాయూను చనిపోయెను; అతడు భూమార్గమున స్వదేశము చేరునప్పటికి 1557 వచ్చెను. ఓడలు తెచ్చుటకు పోయిన నావికుడు ఓడ లేకయే ఇల్లు చేరినాడన్నమాట.

ఇట్టి పటములను తుర్కీ దేశపు నేతపనివారు పట్టుతివాచీలపైకి ఎక్కించుట చూచినవారికి మొదట ఒక సందేహము కలుగక మానదు. పటము చేతబట్టి చదువవలసినది, తివాచీ కాలి క్రింద పరవవలసినది; ఈ రెంటికిని పొత్తెట్లు కుదిరినది? ఇటువంటి తివాచీలు నడుచుటకు కావు, గోడకు వ్రేలాడదీయుటకే యనుట సత్యము. అయినను ఉస్మానియా తివాచీలలో పట్టునకు ప్రత్యేకమైన చరిత్ర కలదు. ఇజ్మిత్ అఖాతపు ఒడ్డున హెరెకె గ్రామములో 1843లో సుల్తాను అబ్దుల్ మజీదు కాలమున రాజభవనముల కొరకు ఒక నేతకార్ఖానా ఏర్పడెను. మొదట తెరలకును, ఆసనములకును వలయు వస్త్రములు నేయబడినవి. ఆ శతాబ్దపు చివరి దశకములో తివాచీ మగ్గములు వచ్చి చేరెను. బుర్సా పట్టణపు పట్టు దగ్గరలోనే దొరకుటచే హెరెకె పేరు పట్టుతివాచీలకు పర్యాయమైనది. ఇస్తాంబులులోని కుమ్‌కాపి వాడలో ఆర్మీనియా నేతగాండ్రు నేసిన పట్టుతివాచీలును ఆ కాలముననే ప్రసిద్ధి కెక్కినవి.

తివాచీ నేయువాడు నిలువుమగ్గముపై పడుగు బిగించి, రెండు పడుగుపోగులను కలిపి చిన్న పట్టుదారపు ముక్కతో ముడివేసి, కొసలు కత్తిరించి, ప్రక్క రెండు పోగులపై మరల ముడివేయును. ఒక వరుస ముగిసిన పిమ్మట పేక నడిపి, ఇనుపదువ్వెనతో క్రిందికి కొట్టును. రెండు పోగులను సమముగా చుట్టు ఈ ముడిని లోకము తుర్కీ ముడి యనుచున్నది. హెరెకె పట్టుతివాచీలలో సెంటీమీటరుకు అడ్డముగా పది, నిలువుగా పది ముడులు పడును. అనగా చదరపు సెంటీమీటరుకు నూరు, చదరపు మీటరుకు పదిలక్షలు. పీరీ రయీసు పటమును ఉన్నంత పరిమాణముననే నేయదలచితిమేని 5,67,000 ముడులు కావలెను. దినమునకు ఎనిమిదివేల ముడులు వేయగల చేతి చురుకు ఉన్నదనుకొన్నను డెబ్బదిదినములకు పైగా పట్టును.

అయితే ఉన్నంత పరిమాణమున నేయుట సాధ్యము కాదు. పటముపై నూటికి పైగా స్థలనామములును, వానికి తోడు పంక్తులకు పంక్తులుగా వ్యాఖ్యానములును ఉన్నవి. మూడు మిల్లీమీటర్ల యెత్తుగల అక్షరమునకు మూడే ముడుల వరుసలు దక్కును. మూడు వరుసలలో అరబ్బీ లిపి వంపులను చూపుట ఎవరి తరము? కావున పటమును పెంచవలెను, లేదా అక్షరములను తగ్గించవలెను. నిడివి వెడల్పులను రెట్టింపు చేసిన ముడులు నాలుగురెట్లై ఇరువదిరెండు లక్షలు దాటును; డెబ్బదిదినముల పని సంవత్సరములో ముప్పాతిక దాటిపోవును. ఈ లెక్క తెలిసినవానికి తివాచీ వెల వినగానే కలుగు ఆశ్చర్యము సగము తగ్గును.

అంతకంటె కష్టమైనది దిక్‌రేఖల సంగతి. నావికుల పటములలో దిక్చక్రమునుండి ముప్పదిరెండు దిక్కులకు రేఖలు సాగును. ఒక రేఖకును మరియొక రేఖకును నడుమ పదకొండుంబావు డిగ్రీలు. కలముతో గీయువాడు బద్ద పెట్టి ఒక్క గీతతో ముగించును. నేతగానికి గీత లేదు, గడులే కలవు. నలుబదియైదు డిగ్రీల రేఖ ముడికి ముడి మెట్టెక్కుచు చక్కగా వచ్చును. పదకొండుంబావు డిగ్రీల రేఖ ఐదు ముడులు అడ్డముగా నడచి ఒక వరుస పైకెక్కవలెను. ముప్పదిమూడు ముప్పాతిక డిగ్రీలకు మూడు ముడులకు రెండు వరుసలు. ఇవి దైవికముగా లెక్కకు దగ్గరగా కుదురును. నడిమి ఇరువదిరెండున్నర డిగ్రీలకు మాత్రము ఐదింటికి రెండన్న రేఖ కొంత వాలును, పండ్రెండింటికి ఐదన్న కొంత లేచును. రెంటిని కలిపి నడపుటయే నిపుణుని పని. ఇదంతయు అడ్డమునను నిలువునను ముడులు సమానముగా ఉన్నప్పటి మాట. పేక కొంచెము లావైనను, దువ్వెన దెబ్బ కొంచెము వదులైనను నిలువున ముడులు తగ్గి, గుండ్రని దిక్చక్రము కోడిగ్రుడ్డువలె సాగును. ఉత్తరదిక్కు చెదరక నిలిచినను, ఈశాన్యము మాత్రము తప్పక చెదరును. ఇట్టి తివాచీ చూడవలసి వచ్చినచో నేను మొదట చిలుకలను గాక దిక్చక్రమునే చూతును.

రంగుల విషయమున మరియొక మర్యాద పాటింపవలెను. నీట మునిగిన ఇసుకతిన్నెలను ఎఱ్ఱచుక్కలతోను, కనబడని బండరాళ్లను శిలువగుర్తుతోను చూపుట ఆనాటి నావికుల సంప్రదాయము. తివాచీపై అందము కొరకు ఆ ఎఱ్ఱచుక్కలను పూలుగా మార్చినవాడు నేతగాడే కావచ్చును గాని పటము నేసినవాడు కాడు. ఓడ ఆ పూలపై ఎక్కి పగిలియుండును!

పట్టే ఎందుకన్న ప్రశ్నకు జవాబు పురుగులో ఉన్నది. పట్టుపోగు అడ్డుకోత ముక్కోణముగా నుండును; అందుచే పడిన వెలుతురును అద్దపుపలకవలె విరిచి తిప్పికొట్టును. ముడుల కొసలన్నియు ఒకే దిక్కుకు వాలియుండుటచే, ఒక వైపునుండి చూచిన తివాచీ తేటగాను, ఎదుటి వైపునుండి చూచిన గాఢముగాను కనబడును. ఉన్నితో నేసిన సముద్రము నిశ్చలముగా నుండును. పట్టుతో నేసిన సముద్రము చూచువాడు రెండడుగులు జరిగినచో రంగు మార్చును. ఇది చర్మపత్రముపై పీరీ రయీసునకు దక్కని భాగ్యము.

వస్త్రముపై దేశపటములు దింపుట తుర్కులకే చెల్లినదికాదు. పదునారవ శతాబ్దాంతమున ఇంగ్లండులో షెల్డన్ అను భూస్వామి తమ ప్రాంతపు మండలముల పటములను గోడతెరలుగా నేయించెను. పందొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరపు కుట్టుపనివారు శ్రీనగరమును, జీలం నదిని, వంతెనలను, ఉద్యానములను శాలువపై సూదితో కుట్టిరి; అట్టి శాలువ నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఉన్నది.

మన తెలుగునేలకు పట్టుతివాచీ కొత్తది కాదు. 1851లో లండను స్ఫటికభవనమున జరిగిన మహాప్రదర్శనమునకు ఓరుగంటి పట్టుతివాచీలు వెళ్లినవి. వాని నేత సన్నదనమును, రంగుల పొందికను జార్జి బర్డ్‌వుడ్ భారతీయ శిల్పములపై 1880లో ప్రకటించిన గ్రంథములో మిక్కిలి కొనియాడెను. ఏలూరులో ఉన్నితివాచీల నేత తరతరములుగా సాగినది. పారసీక దేశమునుండి వచ్చి స్థిరపడినవారు ఆ విద్య తెచ్చిరని అక్కడివారు చెప్పుకొందురు. ఓరుగల్లు నేడు జంపఖానాలకు పేరుపడినది, వానికి భౌగోళిక గుర్తింపును లభించినది. ముడితివాచీల వైభవము మాత్రము వెనుకటి మాట అయినది. చౌకవెల గిరాకీ వచ్చినపుడు మొదట పోవునది ముడుల సాంద్రత, తరువాత పోవునది రంగు, కడపట పోవునది పనివాడు.

ఇక మన తిరుపతి చిత్తూరు సీమకు వత్తము. పలమనేరు, కుప్పము, పుంగనూరు మొదలగు ఎత్తైన ప్రాంతములలో మల్బరీ తోటలు పెంచి పట్టుపురుగులను సాకు రైతులు వేలకొలది కలరు. మదనపల్లె దగ్గరి నీరుగట్టువారిపల్లె మగ్గములపై పట్టుచీరలు నేయబడుచున్నవి. మంచి పట్టుగూటినుండి తెగకుండ ఇంచుమించు వేయి మీటర్ల పోగు వచ్చును. ఆ పోగుపై జిగురుపొర యొకటి యుండును. సబ్బునీట ఉడికించి దానిని తీసివేసిన పిమ్మటనే మెఱుగు వచ్చును, తూకములో నాలుగవవంతు వరకు పోవును. ఆకు వేయుచు, తడి తగులకుండ కాచుచు, పురుగునకు తెగులు వచ్చినపుడు అవి గూడు అల్లు చంద్రికలన్నియు పారవేసి మరల మొదలుపెట్టు ఆ రైతు కుటుంబములకు తివాచీ వెలలో దక్కు పాలు ఎంత యన్నది వేరొక వ్యాసమునకు తగిన ప్రశ్న.

గీతకు శ్రీకాళహస్తి ఉన్నది. అచ్చుదిమ్మెలతో పని చేయు మచిలీపట్నపు కలంకారికి భిన్నముగా కాళహస్తివారు వెదురుకలముతో గీయుదురు. నూలుబట్టను కరక్కాయరసము, గేదెపాలు కలిపిన నీట ముంచి ఎండబెట్టి, చింతబొగ్గుతో రూపము దింపి, ఇనుపముక్కలను బెల్లపునీట కొన్నివారములు ఊరవేసి తీసిన నల్లనీటితో రేఖ కట్టుదురు. కలపు మొనకు పైగా ఉన్ని చుట్టి దారముతో బిగింతురు. వ్రేళ్లతో దానిని నొక్కిన కొలది రంగు మొనకు దిగును. కరక్కాయ పట్టిన బట్టపై ఆ నీరు తగిలిన క్షణముననే నల్లనగును, మరల చెరుపుటకు వీలుండదు. ఎఱుపు కావలసిన చోట పటికనీరు పూసి, మంజిష్ఠ వంటి వేళ్ల రంగుతో ఉడికింతురు. పటిక తగిలినంత మేరకే ఎఱుపు పట్టును. పసుపునకు కరక్కాయపూవు, నీలమునకు నీలిమందు. నడుమ నడుమ పారునీట ఉతుకవలెను; అందులకే స్వర్ణముఖి యొడ్డు ఈ విద్యకు ఇల్లయినది. గత శతాబ్దపు నడిమి దశకములలో ఈ విద్య క్షీణించియుండగా కమలాదేవి చట్టోపాధ్యాయ నాయకత్వమున అఖిలభారత హస్తకళామండలి పూని శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము నెలకొల్పెను. ఆ తరమునకు చెందిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించెను.

కాళహస్తి కలంకారీ తెరను చూచినవారు గమనించియే యుందురు: నడుమ ఒక పెద్ద దేవతామూర్తి, చుట్టును వరుసలుగా గళ్లు, గడికొక కథాఘట్టము, గడి క్రింద తెలుగు అక్షరములలో వివరణము. కన్ను ఎక్కడ మొదలిడి ఎక్కడికి నడువవలెనో ఆ గళ్లే చెప్పును. చిత్రమును వ్రాతను ఒకే బట్టపై ఒదిగించు ఈ మెలకువ సముద్రపటమునకు కావలసిన మెలకువయే. వేంకటగిరి నేతగాండ్రు, నేడు వారును తిరుపతి జిల్లావారే, జాందానీ పద్ధతిని పడుగు క్రింద కాగితపు నమూనా నుంచుకొని, పూవు కావలసినచోట అదనపు పోగును చేతితో జొనుపుదురు. గడిలెక్క వారి వ్రేళ్లలోనే ఉన్నది. పట్టు, రంగు, రేఖ, లెక్క, నాలుగును ఒక్క సీమలో ఉండుట అరుదు.

ఇన్ని ఉన్నను మాకు సముద్రమేది యని కొండసీమవారు అడుగవచ్చును. 2022 ఏప్రిలులో జిల్లాలు మారినప్పటినుండి సూళ్లూరుపేట, శ్రీహరికోట, పులికాటు సరస్సులో మన వైపు భాగము, దుగరాజపట్నము తిరుపతి జిల్లాలోనివే. దుగరాజపట్నమును ఇంగ్లీషువారు ఆర్మగాన్ అనిరి. 1626లో వారక్కడ వర్తకస్థానము పెట్టి కోట కట్టిరి. ఒడ్డునకు కొంతదూరమున నీట మునిగియున్న పొడవాటి తిప్ప ఆర్మగాన్ పేరుతోనే నావికుల పటములకెక్కినది. దక్షిణమున పులికాటులో ఆవలి యొడ్డున డచ్చివారి కోట 1613 నాటికే లేచినది. వీరందరు వచ్చినది మన రంగులబట్టల కొరకే. ఆర్మగానులో అధికారిగా నున్న ఫ్రాన్సిస్ డే, అంతకంటె చౌకగా బట్టలు దొరకు చోటు వెదకుచు పోయి, 1639 ఆగస్టులో దామెర్ల వేంకటాద్రి నాయకునివలన మద్రాసు ఇసుకనేలపై కోట కట్టుటకు అనుమతి సంపాదించెను. ఆ దామెర్లవారు కాళహస్తి సంస్థానాధిపతులు. ఆయన తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్నము వెలసెను. కాళహస్తి ఏలికకు, రంగులబట్టకు, సముద్రపటమునకు ఇంతటి దగ్గరి చుట్టరికము ఉన్నదని మన పాఠ్యపుస్తకములు ఒక్క పంక్తిలోనైనను చెప్పియుండవలసినది.

పీరీ రయీసు పటమును చూచి ఇక్కడ మరియొక నకలు నేయుటవలన పెద్ద ప్రయోజనము లేదు; ఆ పని హెరెకె చేతులకు ఎట్లును బాగుగా వచ్చును. పలమనేరు పట్టును కాళహస్తి రంగులలో ముంచి, పులికాటు నుండి దుగరాజపట్నము వరకు గల తీరమును, ఆర్మగాన్ తిప్పను ఎఱ్ఱచుక్కలతో సహా, పాతపటములను చూచి గీయించి, గళ్లలో ఆ తీరపు కథను తెలుగక్షరములతో వ్రాయించి, వీలైనచో ముడితివాచీగా, కానిచో కలంకారీ తెరగానైనను చేయించుట మేలు. తిరుపతికి దినమునకు వచ్చు వేలకొలది యాత్రికులలో నూటికొకరు కొన్నను పనివానికి కొరత యుండదు. పట్టుతివాచీయని ఎవరైన అమ్మజూపినచో మాత్రము పాఠకులు వెనుకకు త్రిప్పి ముడులు లెక్కపెట్టుడు, కొసనుండి ఒక పోగు తీసి కాల్చి చూడుడు: నిజమైన పట్టు వెండ్రుక కాలిన వాసనతో పొడిబూడిదయగును, పట్టని నమ్మించు నూలు కాగితము కాలిన వాసన వేయును.